ఎదురు కొట్టు మెట్టెక్కిన బేరం

మా వాట్సాప్ గ్రూపులో ఒకావిడ తనకు మనవరాలు పుట్టిందని ఫొటో పెట్టింది. ఎర్రటి మొహం, బిగించిన గుప్పిళ్ళు, ఎవరిమీదో కోపం వచ్చినట్టు ముడిపడిన కనుబొమలు. అందరూ పువ్వులూ దండాలూ పెడుతుంటే మధ్యలో ఒకమ్మాయి డైపర్ల లింకు పడేసింది. పక్కన నిప్పు బొమ్మలు, "ఈ ఒక్క రోజే" అన్న మాట. నాకు ఒళ్ళు మండిపోయింది. పసిగుడ్డు ఇంకా సరిగ్గా కళ్ళు తెరవలేదు, అప్పుడే దాని మీద వ్యాపారమా అని కడిగేద్దామని గబగబా టైపు చేస్తున్నాను. ఈలోగా ఆ అమ్మమ్మే రాసింది: "ఇదే వెతుకుతున్నానమ్మా, నూరేళ్ళు చల్లగా ఉండు." నేను రాసిందంతా చెరిపేసి, ఒక గులాబీ పెట్టి ఊరుకున్నాను.

అందుకే లింకులకు మర్యాద ఇదీ అని గట్టిగా గీత గీయడం కష్టం. కానీ మర్యాద ఉంది. ఇంకోసారి ఎవరో పోయారన్న కబురు కింద ఒకావిడ మిక్సీ లింకు పెట్టింది. అడిగితే పైన ఏముందో చూడలేదంది. చూడకుండా ఎలా పెడతావమ్మా అని నేను ఫోనులోనే అరిచాను. ఒక గదిలోకి వెళ్ళేముందు లోపల నవ్వుతున్నారో ఏడుస్తున్నారో గుమ్మంలో నిలబడి వింటాం కదా, ఆ పాటి ఓపిక ఉండాలి. ఆవిడ మంచిది, వెంటనే లింకు తీసేసి పోయినవాళ్ళింటికి ఫోను కూడా చేసింది.

నేనూ లింకులు పెడతాను. కాబట్టి ఇదంతా ఒడ్డున కూర్చుని చెబుతున్న మాట కాదు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను: ఆన్‌లైన్‌లో అమ్మే వస్తువుకి నా పేరు మీద ఒక లింకు ఇస్తారు. దాన్ని నొక్కి ఎవరైనా కొంటే కంపెనీవాళ్ళు నాకు కొంత ఇస్తారు. కొన్నవాళ్ళకి ధర పెరగదు. ఇంతే. ఇది ఎలా చెయ్యాలో ఫోను నేర్పింది. ఎలా చెయ్యకూడదో నేర్పింది మాత్రం విజయనగరంలో మా మావ పాత్రల కొట్టు.

మావ అంటే మా అమ్మ తమ్ముడు. తర్వాత ఆయన కొడుకునే చేసుకున్నాను కాబట్టి మామగారు కూడా అయ్యాడు గానీ, నా నోటికి ఆ "గారు" ఎప్పుడూ రాలేదు. నేను పుట్టిన దగ్గర్నుంచీ ఆయన నన్ను "ఒసే" అనే పిలిచాడు. పెళ్ళిపీటల మీద కూడా "ఒసే, తలొంచుకో, బియ్యం కళ్ళల్లో పడతాయి" అన్నాడు. కోడలయ్యాక అలా పిలిస్తే నలుగురూ ఏమనుకుంటారు అని మా అత్త అభ్యంతరం చెప్పింది. "అనుకుంటే అనుకున్నారు. దాని పేరే అది" అని తేల్చేశాడు మావ.

మాది సాలూరు. మా నాన్న లారీలతో తిరిగే మనిషి. ఇంట్లో ఉన్నప్పుడు నిద్రపోయేవాడు, లేచినప్పుడు ఇంట్లో ఉండేవాడు కాదు. వేసవి సెలవులు రాగానే మా అమ్మ నన్ను విజయనగరం బస్సెక్కించేది. సెలవులంతా నేను మావ కొట్లోనే. ఇత్తడి తూచే కాటా వెనక గోనెసంచి మడతేసుకుని కూర్చుంటే నాకు ఇంకేమీ అక్కర్లేదు. స్టీలు గిన్నెల మీద నా మొహం ఒకదాంట్లో పొడుగ్గా, ఒకదాంట్లో అప్పడంలా కనిపిస్తుంటే వాటిని చూసుకుంటూ పొద్దు గడిపేదాన్ని.

ఆ వీధి ఇరుకు. రెండు స్కూటర్లు ఎదురైతే ఒకటి ఆగాలి. మావ కొట్టుకి సరిగ్గా ఎదురుగా ఇంకో పాత్రల కొట్టు. అదే సరుకు, అవే బిందెలు, అవే డేగిసాలు. ఆయన మావని "బావా" అంటాడు, మావా ఆయన్ని "బావా" అంటాడు. చుట్టరికం ఏమీ లేదు. ఎదురెదురుగా ఒకే సరుకు పెట్టుకుని ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ బతకాలంటే ఏదో ఒక వరస ఉండాలి కాబట్టి కలుపుకున్నారు. ఆ లెక్కన నాకాయన బాబాయి. పొద్దున్నే టీ వచ్చేది, వన్ బై టూ. ఒకే టీ, రెండు గ్లాసుల్లో సగం సగం. ఒకరోజు మావ వీధి దాటి వెళ్ళేవాడు, ఒకరోజు బాబాయి ఇటు వచ్చేవాడు.

కొట్లో కూర్చునేవాళ్ళు కొనడానికి వచ్చిన మనిషిని "బేరం" అంటారు. ఒక మధ్యాహ్నం ఎదురు కొట్టు మెట్టు మీద ఒక పల్లెటూరి ఆవిడ నిలబడి ఇత్తడి బిందె బేరమాడుతోంది. ఆడుతూ ఆడుతూ తల తిప్పి మా కొట్టు వైపు చూసింది. మా బిందెలు ఇంకా నిగనిగలాడుతున్నాయి, పొద్దున నేనే చింతపండుతో తోమాను. మావ ఒక్క కేక వేస్తే వచ్చేసేలా ఉంది. మావ కేక వెయ్యలేదు సరికదా, వీపు తిప్పేసి అరలో మూతలు సర్దడం మొదలుపెట్టాడు. ఆ మూతలు అప్పటికే వరసగా ఉన్నాయి. వాటిని తీసి మళ్ళీ అక్కడే పెడుతున్నాడు.

"మావా, ఆవిడ మనవైపే చూస్తోంది. పిలవ్వేం?" అన్నాను.

"ఎదురు మెట్టెక్కిన బేరాన్ని పిలవకూడదే. సూడను కూడా సూడకూడదు. సూస్తే పిలిసినట్టే."

"మరి దిగితే?"

"దిగి కాలు కింద పెట్టినాక ఎవులిష్టం ఆళ్ళది. అప్పుడు పిలువు, గొంతు సించుకో, ఎవుడొద్దన్నాడు?"

ఇది వాళ్ళిద్దరూ పెట్టుకున్న నియమం కూడా కాదు. ఆ వీధిలో అందరిదీ. మా మెట్టు మీద మనిషి ఉంటే బాబాయి తన కాటా పళ్ళాలు తుడుచుకునేవాడు. అవి ఎంత తుడిచినా ఆయనకి తృప్తి ఉండేది కాదు. నాకు వాళ్ళిద్దర్నీ చూస్తే నవ్వొచ్చేది. ఇద్దరు పెద్దవాళ్ళు, ఇద్దరికీ బేరాలు కావాలి, ఒకాయన మూతలు సర్దుతాడు, ఒకాయన పళ్ళాలు తుడుస్తాడు. ఇప్పుడు తలుచుకున్నా నవ్వొస్తుంది. ఆ నవ్వులోనే ఇద్దరి మీదా బోలెడంత ప్రేమ కూడా వస్తుంది.

కొన్నేళ్ళ క్రితం నేను వంటల వీడియోలు తీసి ఫోనులో పెట్టడం మొదలుపెట్టాను. గొప్ప వంటలేం కావు. బెల్లం వేసిన గుమ్మడికాయ కూర, చోడి అంబలి, ఎండు రొయ్యలతో వంకాయ. చూసినవాళ్ళు కూర గురించి అడిగేవాళ్ళు కాదు. "ఆ మూకుడు ఎక్కడిదండీ?" అని అడిగేవాళ్ళు. మా కొట్టుదే అని చెప్పేదాన్ని. విజయనగరం వాళ్ళు వచ్చి కొనుక్కునేవాళ్ళు. దూరంగా ఉన్నవాళ్ళకే ఇబ్బంది. శ్రీకాకుళంలో ఆఫీసు ఉద్యోగం చేసే ఒకావిడకి కొట్లు తెరిచి ఉన్న వేళకి సెలవు దొరకదు. నౌపడలో ఉన్న ఇంకొకావిడది వేరే బాధ. వాళ్ళిల్లు ఉప్పు మడుల పక్కనే. ఆ గాలికి నాసిరకం స్టీలు కొన్నాళ్ళకే చుక్కలు చుక్కలుగా తుప్పు పడుతుంది. "మచ్చ పడనిది ఏదైనా ఉంటే సెప్పండక్కా" అని అడిగింది.

నేను రకరకాల గిన్నెలు తెప్పించి, ఉప్పునీళ్ళు పోసి పెరట్లో వదిలేసి రోజూ చూసేదాన్ని. మా అత్తకి ఆ గిన్నెలు కనబడితే తోమేసేది. నేను కేకలు వేసేదాన్ని, ఆవిడ "ఉప్పునీళ్ళకి కాపలా కాసే మనిసిని నిన్నే సూసేను" అనేది. చివరికి మచ్చ పడనిదొకటి తేలింది. దాని లింకు గ్రూపులో పెట్టాను. అలా మొదలైంది.

లింకు కింద ప్రతిసారీ "దీంతో కొంటే నాకు కొంత వస్తుంది" అని రాసేదాన్ని. అది కూడా చెప్పుకోవాలా అని మా అత్తకి మొహమాటం. మావ నన్నే సమర్థించాడు. పెళ్ళివారిని వెంటబెట్టుకుని కొట్టుకి తెచ్చిన మనిషికి మావ ఎప్పుడూ ఒక గిన్నో గరిటో చేతిలో పెట్టేవాడు. పెళ్ళివారి ఎదుటే పెట్టేవాడు, చాటుగా ఇచ్చేవాడు కాదు. "నలుగురి ముందు పుచ్చుకుంటే మర్యాద. సాటుగా పుచ్చుకుంటే ఆ మనిసి మాట మీద ఎవుడికీ నమ్మకం ఉండదు" అన్నాడు. ఇంట్లో వాడనిదాన్ని పొగడకూడదన్నది కూడా ఆయన మాటే. బాబాయితో టీ తాగుతూ "మా కోడలు ఫోన్లో కొట్టెట్టింది బావా" అని చెప్పుకుని మురిసేవాడు. నేను వినాలని కాస్త గట్టిగానే చెప్పేవాడు.

తర్వాత నౌపడావిడ ఇడ్లీ పాత్ర అడిగింది. అడుగు మందంగా ఉండాలి, రేకులకి చిల్లులు సన్నగా ఉండాలి, మచ్చ పడకూడదు. మా కొట్లో ఉన్నాయి గానీ నౌపడ నుంచి ఆవిడ రాలేదు. మావనే అడిగాను. "రాలేనోళ్ళు ఎక్కడో అక్కడ కొనుక్కోవాల గదే. ఎట్టు" అన్నాడు. పెట్టాను.

ఒక మధ్యాహ్నం మావకి క్యారియర్ ఇవ్వడానికి కొట్టుకి వెళ్ళాను. నేనక్కడుండగానే విజయనగరం ఆవిడే, గ్రూపులో మనిషే, ఒక అట్టపెట్టె పట్టుకుని మెట్టెక్కింది. పెట్టెలో ఇడ్లీ పాత్ర. ఆన్‌లైన్‌లో కొన్నదాని మీద పేరు కొట్టి ఇవ్వరు కదా, మా దగ్గర పేరు కొట్టించుకుందామని తెచ్చింది. ఎక్కడ కొన్నా మా వైపు ఆడవాళ్ళకి పాత్ర మీద పేరు పడేవరకూ అది తమదైనట్టు ఉండదు. మావ మిషను తీసి గిన్నె ఒళ్ళో పెట్టుకుని అక్షరాలు చెక్కుతున్నాడు. ఆవిడ సంతోషంగా చెబుతోంది, ఆవిడ గొంతు మామూలుగానే పెద్దది.

"ఆ ఏల ఎదురు కొట్లో అన్నీ దింపించి సూసేను బాబూ. పాపం ఆయన పెట్టెలన్నీ ఇప్పేడు. నచ్చింది, తీసేసుకుందారనుకుంటన్నాను, ఇంతలో ఫోన్లో మీ కోడలి లింకు కనబడ్డాది. అక్కడే, ఆ మెట్టు మీదే నిలబడి నొక్కేసినాను. మీ ఇంటికొచ్చేది మీ ఇంటికే రావాల గదా!"

మావ చేతిలో మిషను ఆగిపోయింది. ఎదురుగా చూశాడు. నేనూ చూశాను. బాబాయికి అంతా వినబడింది, వినబడకుండా ఉండే వీధి కాదది. కానీ ఆయన ఇటు చూడలేదు. మా మెట్టు మీద బేరం ఉంది కాబట్టి వీపు తిప్పుకుని కాటా పళ్ళాలు తుడుస్తున్నాడు. అంత మాట విని కూడా నియమం తప్పలేదు.

ఆవిడ వెళ్ళిపోయాక మావ వీధి దాటాడు. ఏం మాట్లాడాడో నాకు వినబడలేదు గానీ బాబాయి జవాబు వినబడింది. "ఏటి కాదులే బావా. కాలం అలాగున్నాది." నవ్వుతూనే అన్నాడు. మర్నాడు పొద్దున్న టీ రెండు నిండు గ్లాసుల్లో వచ్చింది. ఒకటి అక్కడ, ఒకటి ఇక్కడ.

మాటలు పోలేదు. వాన వస్తాదా, కరెంటు ఎప్పుడు తీస్తాడు, ఇలాంటివి వీధికి అడ్డంగా నడుస్తూనే ఉన్నాయి. వన్ బై టూ పోయింది. అది పోతే ఏమీ మిగలనట్టేనని ఆ ఇద్దర్నీ చిన్నప్పట్నుంచీ చూసిన నాకు తెలుసు. మావకి అంతకంటే బాగా తెలుసు. అన్నం సగంలో లేచిపోతున్నాడు.

నా మీద అరిచినా బాగుండేది. మావకి కోపం వస్తే అరవడు, మర్యాద పెంచుతాడు. టీ విడిపోయిన ఆ రాత్రి కంచం ముందు కూర్చుని "కోడలు గారూ, కాస్త చారు వడ్డించగలరా?" అన్నాడు. "మీ మావకి కోపమొచ్చినాదంటే పంతులైపోతాడు, నా పెళ్ళైన కొత్తలో నన్నిలాగే 'తమరు' అనీవోడు. పుట్టింటికెళ్ళిపోదారనుకున్నాను" అని మా అత్త వంటింట్లో గొణిగింది. మా ఆయన కంచంలోంచి తల ఎత్తలేదు. ఆయన ఎప్పుడూ అంతే, పెద్దవాళ్ళ గొడవలు వస్తే ములక్కాడ ముక్క మీద ఎక్కడలేని శ్రద్ధ వచ్చేస్తుంది.

నాకూ కోపం తక్కువేం కాదు. మర్నాడు నిలదీశాను.

"ఫోనుకి మెట్టు తెలుస్తాదేటి మావా? ఆవిడెక్కడ నిల్చున్నాదో నాకేటి తెలుసు? నేనేటి ఆవిడ్ని సూసి పిలిసినానా?"

"తమరు పిలవలేదండి" అన్నాడు మావ. "తమరి మాట పిలిచింది. మన మాట మనం లేనిచోట కూడా తిరుగుతున్నప్పుడు, అది ఎవరి మెట్టెక్కుతోందో మనమే చూసుకోవాలి కదండీ."

"నువ్వే గదా ఎట్టమన్నావు?"

"అన్నానండి. అందుకే నాకు నిద్ర పట్టడం లేదు."

నాకు కోపం రెట్టింపైంది. లింకులన్నీ పీకి పారేద్దామనుకున్నాను. ఇడ్లీ పాత్ర లింకు తీసేశాను కూడా. సాయంత్రానికల్లా నౌపడావిడ అడిగింది: "అక్కా, అది కనబడ్డంలేదు, మా ఆడపడుచు కూడా కొంటానంటన్నాది." పాపం ఆవిడేం చేసింది? వాళ్ళ ఊళ్ళో మెట్టూ లేదు, కొట్టూ లేదు. మళ్ళీ పెట్టాను. ఈసారి కింద ఇలా రాశాను: "మీ వీధిలో పాత్రల కొట్టుంటే ముందు అక్కడికి వెళ్ళండి. ఎత్తి బరువు చూడండి, మూత బిగువు చూడండి, పేరు కొట్టించుకోండి. కొట్టు దగ్గర లేనివాళ్ళకీ, కదల్లేనివాళ్ళకీ ఈ లింకు. కొంటే నాకు కొంత వస్తుంది. ఎవరి కొట్లోనైనా నిలబడి ఉంటే మాత్రం దయచేసి దీన్ని నొక్కకండి."

ఇప్పటికీ ప్రతి లింకు కింద ఇదే పెడతాను. కొందరు నవ్వుతారు. అమ్ముకోవడానికి వచ్చి కొనొద్దంటావేమిటని ఒకమ్మాయి అడిగింది కూడా. కొనొద్దనలేదు, ఎక్కడున్నావో చూసుకోమన్నాను.

రాసింది మావకి చదివి వినిపించాను. కళ్ళజోడు సర్దుకుని ఫోను తీసుకుని తనూ చదివాడు. ఆయన మొహం మెత్తబడిందనే అనుకున్నాను. "బాగుందండి, కోడలు గారూ" అని ఫోను తిరిగి ఇచ్చేశాడు. ఇంకా "గారూ"నే. ఇకమీదట జరగబోయేవాటికి నేను రాసింది సరిపోతుంది. దిగిపోయిన ఆ ఒక్క బేరం మాత్రం దిగిపోయే ఉంది.

ఒకరోజు కొంచెం పెందలాడే క్యారియర్ పట్టుకెళ్ళాను. మావ బల్ల మీద టీ గ్లాసు, సగం తాగి వదిలేసినది, మీద మీగడ కట్టి ఉంది. తలెత్తి చూస్తే ఎదురుగా బాబాయి బల్ల మీద కూడా సగం గ్లాసు. అన్నేళ్ళుగా ఇద్దరి కడుపులూ సగానికే అలవాటు పడ్డాయి. నిండుగా ఇచ్చినా తాగలేకపోతున్నారు. నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. వెంటనే కోపం కూడా వచ్చింది, ఆ ముసలి మొండి మొగాళ్ళిద్దరి మీదా. క్యారియర్ అక్కడ పెట్టేసి, మావకి ఒక్క మాట చెప్పకుండా వీధి దాటి బాబాయి కొట్టు మెట్టెక్కాను.

ఆ మెట్టు నేనెక్కడం అదే మొదటిసారి. చిన్నప్పుడు వన్ బై టూ గ్లాసు అందించడానికి వెళ్ళినా కిందే నిలబడేదాన్ని.

బాబాయి కంగారుగా లేచాడు. "ఏటమ్మా, మావకేటైనా..."

"మావకేటి కాలేదు బాబాయీ. ఇడ్లీ పాత్ర కావాల."

"మీ కొట్లో నేవేటి?"

"ఉన్నాయి. ఆ ఏల నీ మెట్టు మీంచి దిగిపోయిన బేరం నా మాటకి దిగింది. దానికి బదులు నేనెక్కినాను. అన్నీ దింపించు. పెట్టెలన్నీ ఇప్పు. నేనూ ఆవిడలాగే సూస్తాను."

ఆయన నన్ను ఒక్క క్షణం చూశాడు. పెట్టెలు దింపించి ఒక్కొక్కటే విప్పాడు. నేను ఒక్కొక్కటే ఎత్తి బరువు చూశాను, రేకులు వెలుతురుకి పట్టి చిల్లులు చూశాను, మూతలు తిప్పి చూశాను. మూత తిప్పుతూ, ఆ పల్లెటూరి ఆవిడ అప్పుడెప్పుడో చూసినట్టే, తల తిప్పి మా కొట్టు వైపు చూశాను.

మావ వీపు కనబడింది. అరలో మూతలు సర్దుతున్నాడు.

సొంత కోడలు, సొంత అక్క కూతురు, తన కళ్ళెదుటే ఎదురు కొట్లో కొంటుంటే ఆయన పిలవడం లేదు, చూడడం లేదు. నేను ఆ మెట్టు మీద ఉన్నంతసేపూ నేనూ బాబాయి బేరాన్నే. పెద్ద మూతలు కింద, చిన్న మూతలు పైన. తీస్తున్నాడు, మళ్ళీ అక్కడే పెడుతున్నాడు.

బాబాయి కూడా చూశాడు. ఆయన మూతి కొస కదిలింది. "పేరు కొట్టాలేటమ్మా?" అన్నాడు.

"కొట్టాల బాబాయీ. పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా."

మిషను తీసి గిన్నె ఒళ్ళో పెట్టుకున్నాడు. ఒక అక్షరం చెక్కి ఎదురుగా చూస్తాడు. మావ మూతలు సర్దుతున్నాడు. ఇంకో అక్షరం చెక్కి చూస్తాడు. మావ మూతలన్నీ అయిపోయి మళ్ళీ మొదటి అర దగ్గరికి వచ్చాడు. దీర్ఘం ఒకటి గీయడానికి బాబాయి ఎంతసేపు తీసుకున్నాడంటే, నాకు కాళ్ళు పీకాయి. కావాలనే చేస్తున్నాడని నాకప్పటికి అర్థమైంది. ఆ వీపుని ఇంకాస్తసేపు అలాగే నిలబెట్టి చూసుకుంటున్నాడు.

చివరికి ఆయనే తట్టుకోలేకపోయాడు.

"ఒరే బావా! ఆ మూతలు అరిగిపోతాయిరా. నీ కోడలే గదా, పిలుసుకో!"

మావ తిరగలేదు. అరలోకే మొహం పెట్టి జవాబు చెప్పాడు. "నీ మెట్టు మీదున్నాది బావా. నేనెలగ పిలుస్తాను?"

బాబాయి చేతిలో గిన్నె పక్కన పెట్టేశాడు. కండువాతో మొహం తుడుచుకున్నాడు, కళ్ళు కూడా తుడుచుకున్నాడు, తుడుచుకున్నట్టు ఎవరికీ తెలియదనుకుని కాటా పళ్ళెం కూడా ఒకసారి తుడిచాడు. తర్వాత వీధి చివరి టీ కొట్టుకి వినబడేలా కేకేశాడు.

"ఒక టీ! వన్ బై టూ! బేగి!"

ఇడ్లీ పాత్ర సంచిలో పెట్టి నా చేతికిచ్చాడు. "జాగ్రత్తమ్మా, మెట్టు ఎత్తు" అన్నాడు. నేను చీర కుచ్చిళ్ళు పట్టుకుని ఒక కాలు కిందికి దించాను. మావ ఇంకా తిరగలేదు. రెండో కాలు కూడా నేల మీద ఆనింది.

"ఒసే!" అని వీధంతా వినబడేలా అరిచాడు మావ. "ఎంతసేపే కొనడం? ఇలగ తే, మూత బిగువుగా ఉన్నాదో నేదో సూస్తాను."